దుర్గమమార్గము – అతిథిధర్మము

ఇటీవలి సంవత్సరములలో మన తెలుగు యువజనులయందు ఒక నూతనాభిరుచి ప్రబలుచున్నది. ఎండలు ముదిరి, వానకొరకు జనులు ఆకసమువంక చూచుచున్న దినములలో, హైదరాబాదునుండియు విశాఖపట్టణమునుండియు, బెంగుళూరులోనో పూనాలోనో ఉద్యోగములు చేసికొనుచున్న మనవారినుండియు, నలుగురైదుగురు మిత్రులు ఒక జట్టుగా కూడి, నాలుగు చక్రములకును ఇంజను బలమందు బండ్లను సిద్ధపరచుకొని, గుడారములును వంటసామగ్రియు అదనపు స్టెప్నీలును తాళ్లును పారలును వానిపై కట్టుకొని, హిమాలయములలో తారురోడ్డు అంతమై రాళ్లదారి ఆరంభమగు తావులను వెదకికొనుచు పోవుచున్నారు. కొందరు పెద్దలు దీనిని ధనమదమనియు దుస్సాహసమనియు నిరసింతురు. నేను వారితో ఏకీభవింపను. కంప్యూటరుముందు కూర్చుండి కాలము గడపు యువకుడు కొన్ని దినములపాటు నదియొక్క వేగమును, రాతియొక్క కాఠిన్యమును, తన మిత్రుని స్వభావమును ప్రత్యక్షముగా తెలిసికొని వచ్చుట అతనికిని దేశమునకును మేలే. దేశపటమున ఉత్తరపు కొసను చిన్న అక్షరములతో అచ్చుపడిన పేరులు అతనికి ఊళ్లై, మనుష్యులై, తనకు అన్నము పెట్టిన చేతులై జ్ఞాపకముండుట సామాన్యలాభము కాదు.

అయితే మిత్రులతో కూడి ఇట్టి దారులలో తిరిగినవాడనై, తిరుగదలచినవారితో తరచుగా ముచ్చటించువాడనై, నేనొక మాట చెప్పక తప్పదని తలచుచున్నాను. మనము ఏ కరకుదనమును కోరి అంతదూరము పోవుచున్నామో, ఆ కరకుదనము అచ్చట నివసించువారికి నిత్యకష్టము. మనకది కొలదిదినముల ఉల్లాసము. వారికది రోగిని ఆసుపత్రికి చేర్చుటలో ఆలస్యము, పండిన కూరగాయ సంతకు చేరకమునుపే వాడిపోవుట, మంచు కరగువరకు ఆవలి లోయలోని అయినవారి మొగము చూడలేకుండుట. ఈ ఒక్క సంగతిని మనస్సునందుంచుకొన్నచో ఆ కొండలలో బండి ఎట్లు నడుపవలెనో, ఎచ్చట నిలుపవలెనో, ఏమి కోరవచ్చునో, ఏమి కోరరాదో వేరొకరు బోధింప పనిలేదు. దీనిని మరచినవాడు ఎంతటి నిపుణుడైనను ఆ దారికి అర్హుడు కాడని నా నిశ్చితాభిప్రాయము.

దృష్టాంతమునకు హిమాచలప్రదేశమునందలి లాహౌల్–స్పితి జిల్లాను గైకొందము. దాని వైశాల్యము 13,800 చదరపు కిలోమీటర్లకు పైబడినది. 2011 జనాభాలెక్కలనుబట్టి అందలి జనసంఖ్య 31,564 మాత్రమే. మనాలినుండి స్పితి లోయకు ముఖ్యస్థానమైన కాజాకు దూరము సుమారు 200 కిలోమీటర్లు. మన మైదానపు రహదారిమీద అది మూడు నాలుగు గంటల ప్రయాణము. అచ్చట సూర్యోదయమునకు బయలుదేరినవారు ప్రొద్దుగ్రుంకులోగా చేరిరేని సుఖముగా చేరినట్లే. రోహ్‌తాంగ్ కనుమమీదుగా గాని, 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగముద్వారా గాని లాహౌల్ ప్రవేశించి, గ్రాంఫూ అనుచోట స్పితి దారి పట్టినతోడనే లోకము మారిపోవును. దేవదారు వనములు వెనుకబడును. ఒకవంక చంద్రానది, మంచుగడ్డలు నూరిన రాతిపిండితో బూడిదవన్నె దాల్చి, ఘోషించుచు పారును. మరియొకవంక నిలువుగా లేచిన కొండచరియలనుండి ఎప్పటికప్పుడు రాళ్లు జారి దారిమీద కుప్పపడియుండును. ఛత్రు, ఛోటాదరా, బాతల్ అని మజిలీలకు పేరులు కలవు గాని, అవి ఊళ్లు కావు; వేసవి నాలుగు మాసములు తెరచియుండు ఒకటి రెండు రాతిగోడల ధాబాలు, నదిపై నొక ఇనుపవంతెన, అంతే. పేరునకిది జాతీయరహదారి 505. చిరకాలము అందు పెక్కు మైళ్లు దొర్లిన గుండ్రాళ్లపై చక్రములు పోయిన జాడలు మాత్రమే. ఇప్పుడిప్పుడే సరిహద్దు రహదారుల సంస్థవారు దానిని వెడల్పుచేసి చదునుపరచుచున్నారు.

ఈ దారియందు మనుష్యుని పరీక్షించునవి గతుకులు కావు, నాలాలు. పైనున్న హిమానీనదములనుండి కరగివచ్చు నీరు వంతెన లేని చోట్ల దారికడ్డముగా పారుచుండును. అచ్చటివారు దానిని నాలా యందురు. ఉదయము ఆరు గంటలకు చీలమండ తడియునంత నీరున్న నాలా, ఎండ మంచుపై పనిచేసిన పిమ్మట, మధ్యాహ్నము మూడు గంటలకు మోకాలిని మించి, మనుష్యుని కాళ్లు పెరికివేయునంతటి వేగముతో పారును. ఈ విషయము తెలిసిన లారీడ్రైవర్లు చీకటితోనే బయలుదేరుదురు. తెలియనివారు మనాలిలో ఫలాహారము ముగించి, చిత్రములు తీసికొని, తీరికగా వచ్చి, సాయంకాలము నీటి ఒడ్డున చిక్కుపడుదురు. నాలా దాటుటకు ఒక పద్ధతి కలదు. మొదట జట్టులో ఒకడు చేతికఱ్ఱతో నీటిలోనికి దిగి, అడుగున రాళ్లెట్లున్నవో, లోతు ఎచ్చట తక్కువయో కాలితో తెలిసికొనవలెను. మంచునీరగుటచే నిమిషము గడువకముందే పాదములు మొద్దుబారును. అందుచే ఈ పని వంతులవారీగా జరుగును. పిదప చిన్నగేరులో, లో–రేంజి వేసి, నడుమ గేరు మార్పక, ఆగక, తొందరపడక, ఒకే తీరున బండిని ఆవలి గట్టునకు చేర్చవలెను. మొదటి బండి దాటువరకు రెండవది ఈవలనే నిలిచి, తాడు సిద్ధముగా ఉంచుకొనవలెను. ఇందులో ధైర్యముకన్న ఓర్పు ముఖ్యము. నీరు హెచ్చుగా ఉన్నదని తోచినచో గట్టుననే గుడారము వేసికొని మరునాటి ఉదయము దాటుట ఉత్తమము. అట్లు నిలిచిపోయిన రాత్రులలోనే నేను నా మిత్రులను బాగుగా ఎరిగితిని.

మిత్రత్వమునకు ఇట్టి ప్రయాణము ఎంత మేలు చేయునో చెప్పిన తీరదు. పట్టణమున మనము ఒకరినొకరము ఫలహారశాలలలోను పెండ్లిపందిళ్లలోను కలిసికొందుము. అచ్చట అందరును మంచివారే. నాలుగువేల మీటర్ల ఎత్తున, చలిగాలిలో, పంక్చరైన చక్రము విప్పవలసివచ్చినపుడు ఎవడు జాకీ తెచ్చును, ఎవడు చేతులు జేబులో పెట్టుకొని సలహా చెప్పును, ఎవడు ఏమియు అనక స్టవ్వు వెలిగించి అందరికి తేనీరు కాచును అనునది తేటపడును. జట్టులో అన్నిటికన్న నెమ్మదిగా పోవు బండియే తక్కినవానికి వేగము నిర్ణయింపవలెను. ముందు పోవువాడు ప్రతి మలుపు దాటినపిమ్మట అద్దములో వెనుకటివాని దీపములు కనబడువరకు ఆగవలెను. ఇది వ్రాతలో లేని శాసనము. దీనిని పాటించిన జట్లు తిరిగివచ్చినపిమ్మటకూడ జట్లుగానే ఉండును.

మరియొక శాసనము శరీరమునకు సంబంధించినది. ఈ దారిలోని కుంజుం కనుమ 4,500 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. సముద్రతీరమున ఒక్కొక్క ఊపిరికి మనకు లభించు ప్రాణవాయువులో అచ్చట ఐదింట మూడువంతులైనను లభింపదు. సుమారు 2,050 మీటర్ల ఎత్తునగల మనాలిలో నిద్రించి, మరునాటి రాత్రికే చంద్రతాల్ సరస్సు సమీపమున, అనగా 4,000 మీటర్లు దాటినచోట గుడారము వేయువారు చాలమంది తలనొప్పితోను వాంతులతోను నిద్రలేని రాత్రి గడుపుదురు. మూడువేల మీటర్లు దాటినపిమ్మట ఏ రాత్రికారాత్రి పరుండుచోటి ఎత్తును 500 మీటర్లకు మించి పెంచరాదని పర్వతవైద్యమునెరిగినవారు చెప్పుదురు. కావున సిమ్లానుండి కిన్నౌరు మీదుగా, సట్లెజ్ లోయ వెంబడి మెల్లమెల్లగా ఎక్కి, 996వ సంవత్సరమున వెలసినదని చెప్పబడు తాబో విహారమును దర్శించి, కాజా చేరి, అటనుండి కుంజుం దాటి మనాలికి దిగుట వివేకము. దారి హెచ్చైనను శరీరమునకు వ్యవధి దొరకును. మన యువకులలో ఒక లోపము కలదు: తలనొప్పి వచ్చినను చెప్పరు, తనవలన నలుగురి యాత్రయు చెడునని సంకోచింతురు. ‘ఏరా, ఒంట్లో ఎట్లున్నది?’ అని ప్రతి ఉదయమున ఒకరినొకరు అడిగి, నిజము రాబట్టుట జట్టుయొక్క బాధ్యత. లక్షణములు కనబడినపుడు పైకి పోరాదు. ముదిరినపుడు క్రిందికి దిగి తీరవలెను. అచ్చట పరువు ప్రతిష్ఠలకు తావు లేదు.

ఇక కుంజుం దాటువేళ ఒక ఆచారము చూడదగినది. కనుమశిఖరమున రంగురంగుల ప్రార్థనాపతాకములు గాలికి రెపరెపలాడుచుండగా కుంజుం దేవి గుడి ఉన్నది. లారీవాడు కాని బస్సువాడు కాని ఆ గుడికి ప్రదక్షిణముగా బండిని త్రిప్పక ముందునకు సాగడు. ఏటేట మంచు కరగినపిమ్మట దారి తెరచునది మొదలు మరల మూతపడువరకు అదే దారిని వచ్చుచు పోవుచు జీవించువాని వినయమది. మనమొకసారి దాటి కనుమను జయించితిమని చెప్పుకొందుము. వాడట్లనడు.

కుంజుం దిగినతోడనే వచ్చు మొదటి స్పితి గ్రామము లోసర్. వేసవిలో ఆ లోయలోని పొలములు చూచినవారికి ఆశ్చర్యము కలుగును. వర్షము దాదాపు లేని ఆ శీతలపు ఎడారిలో, పైనుండి కరగివచ్చు మంచునీటిని సన్నని కాలువలద్వారా మళ్లించుకొని, బార్లీని, బఠానీని పండింతురు. బార్లీ తినుటకు, పచ్చిబఠానీ అమ్ముటకు. సంవత్సరములో చేతికి రొక్కము వచ్చునది ముఖ్యముగా ఆ బఠానీవలననే. మైదానములలో బఠానీ దొరకని కాలమున అచ్చట అది కాయును గనుక మంచి ధర పలుకును. కాని కోసిన కాయ తాజాగా నగరపు అంగడికి చేరవలెను. అనగా ఆ గుండ్రాళ్లదారిని, ఆ నాలాలను దాటవలెను. ఒక చరియ విరిగి రెండుదినములు దారి మూసికొనిపోయెనేని, మనకది యాత్రలో ఒక రసవద్ఘట్టము. ఆ రైతుకు గోతాములలో వడలిపోవుచున్న సంవత్సరపు కష్టము. ఒకచోట చరియ తొలగించుటకై నిలిచిపోయినపుడు మా ముందు బఠానీ మూటల లారీ ఉండెను. మేము దిగి చిత్రములు తీసికొనుచుండగా, సరకుతో వచ్చిన రైతు మాటిమాటికి గోతాములలోనికి చేయి దూర్చి వేడి పుట్టినదేమో అని పరీక్షించుచుండెను. ఆ తరువాత మాలో ఎవ్వరికిని చిత్రములు తీయ మనసొప్పలేదు.

ఈ సందర్భమున నాకు మిక్కిలి బాధ కలిగించు ఒక వాదమును గూర్చి చెప్పవలసియున్నది. ఆ దారికి తారు పడుచున్నదని, సొరంగములు వచ్చుచున్నవని, ‘అసలైన స్పితి’ అంతరించుచున్నదని విలపించువారు మన యాత్రికులలో పెక్కురు కలరు. వారి విచారమును నేను అర్థము చేసికొనగలను గాని అంగీకరింపలేను. అటల్ సొరంగము లేని కాలమున, రోహ్‌తాంగ్ మంచుతో మూసికొనినపుడు, లాహౌల్ ప్రజలు సంవత్సరమున ఇంచుమించు ఆరుమాసములు తక్కిన దేశముతో సంబంధము లేక యుండిరి. ప్రసవవేదన పడుచున్న స్త్రీకైనను హెలికాప్టరే శరణ్యము. ఆకాశము నిర్మలముగా లేనిచో అదియు లేదు. కాజాకు పైన కిబ్బర్, చిచం అను రెండు గ్రామములు ఎదురెదురుగా ఉన్నవి; నడుమ అగాధమైన లోయ. 2017లో అచ్చట వంతెన పూర్తియగువరకు చిచంవారు ఇనుపతీగెకు వ్రేలాడు చిన్న తొట్టిలో కూర్చుండి, చేతులతో తాడులాగుకొనుచు, ఆ అగాధమును దాటుచుండిరి. వృద్ధులును, బడిపిల్లలును, మూటలును ఆ తొట్టిలోనే. అట్టివారి ఎదుట నిలిచి, దారి బాగుపడుటచే మా ఆనందము తగ్గినదని పలుకుటకు మనకేమి అధికారమున్నది? మనకు రాళ్లదారియే కావలెనన్న కొండలలో ఇంకను చాల ఉన్నవి. వారికి కావలసిన రోడ్డు వారికి వచ్చుట ధర్మము.

అయితే కొండను తొలిచి రోడ్డు వేయుటలో జాగ్రత్త లేనిచో చరియలు విరుగుట హెచ్చునని పెద్దలు చేయు హెచ్చరిక వేరు. అది శాస్త్రీయమైనది, ఆలకింపదగినది. కాని ‘మాకు సాహసము లేకపోయె’నను మొర ఆ హెచ్చరికయొక్క చీరచెరగు పట్టుకొని రారాదు.

ఆ ప్రజలకు మన యాత్రలు ఎంతటి భారమగునో 2023 జూలై మాసమున స్పష్టపడినది. వేసవి నడుమ, ఎవ్వరును ఊహింపనిరీతిని భారీగా మంచు కురిసి, చంద్రతాల్ సమీపపు గుడారములలో సుమారు 300 మంది యాత్రికులు చిక్కుపడిరి. దారి తెరచుటకు సరిహద్దు రహదారుల సంస్థవారితోపాటు సమీపగ్రామముల ప్రజలు పారలు పట్టుకొని మంచు త్రవ్విరి. కొన్ని దినముల శ్రమపిమ్మట అందరును క్షేమముగా బయటపడిరి. అది పొలముపనుల కాలమని, ఆ త్రవ్వినవారికి తమ పొలములున్నవని, మనము చదివిన వార్తలలో ఒక పంక్తియైనను కానరాలేదు. బాతల్‌లో ధాబా నడపు వృద్ధదంపతులు — వారిని ఆ దారినబోవువారందరు చాచా, చాచీ అని పిలుతురు — మంచులో చిక్కినవారికి తమ రెండుగదుల గూటిలో చోటిచ్చి, ఉన్న పప్పు బియ్యములను పంచి, ప్రాణములు నిలిపిన సందర్భములు ఒకటి రెండు కావు. కావున యాత్రకు పూర్వము వాతావరణసూచనను చూచుకొనుట, అధికారులు దారి మూసితిమన్నపుడు వెనుకకు మరలుట మన సుఖముకొరకు మాత్రమే కాదు. మనకొరకు మరియొకడు మంచులోనికి రావలసిన అవసరము కలిగింపకుండుట అందలి ప్రధానధర్మము.

ఇక బాట విడిచి బండి నడుపుటను గూర్చి. రాళ్లదారిలో నడుపుట వేరు, దారియే లేనిచోట నడుపుట వేరు. మొదటిది కౌశలము, రెండవది, ఆ మన్నుమీద, నేరము. చంద్రతాల్ సరస్సు సుమారు 4,250 మీటర్ల ఎత్తున, చంద్రవంక ఆకృతిలో ఉన్నది. 2005లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యముగల రామ్‌సర్ చిత్తడినేలల పట్టికలో చేరినది. దానిచుట్టునున్న పచ్చిక అంగుళముమేర లోతైన మట్టిలో, సంవత్సరమునకు మూడునాలుగు మాసములు మాత్రమే ప్రాణము పోసికొని పెరుగునది. కాంగ్రా, చంబాలనుండి గద్దీ కాపరులు వేలకొలది గొఱ్ఱెలను, మేకలను తోలుకొని వేసవికి ఆ మేతకే వత్తురు. రెండు టన్నుల బండి చక్రములు ఆ పచ్చికపై ఒక్కసారి తిరిగినను, మట్టి అణగి, నీరు ఇంకక, ఆ గాడులలో సంవత్సరములతరబడి గడ్డి మొలవదు. మంచు కరగినపుడు ఆ గాడులే వాగులై మిగిలిన మట్టినికూడ కోసికొనిపోవును. మన నల్లరేగడిలో బండిగాడి పడిన, ఒక వానకు పూడి, ఒక దుక్కికి మాయమగును. అచ్చటి భూమి అట్టిది కాదు. ఈ కారణముచేతనే సరస్సు ఒడ్డున గుడారములు నిషేధించి దూరముగా తరలించినారు. బండ్లనుకూడ ముందే నిలిపి నడచి పోవలెను. కొందరు ఆ నడకను తప్పించుకొనుటకు పక్కనుండి బండి పోనిచ్చి, దానిని ఘనకార్యముగా చలనచిత్రము తీసి పదుగురికి చూపుదురు. 2022లో లడఖ్‌లోని పాంగాంగ్ సరస్సునీటిలోనే బండి నడిపిన దృశ్యమును దేశమంతయు చూచినది. 2023 డిసెంబరులో, మంచు చూడవచ్చినవారి రద్దీలో వాహనములు నిలిచిపోయినపుడు, ఒకడు దారి వదలి చంద్రానదిలోనికే బండి దింపి నడిపెను. పోలీసులు జరిమానా విధించిరి. జరిమానా స్వల్పము. ఆ దృశ్యమును చూచి మెచ్చుకొన్న వేలమంది ప్రశంసయే అసలైన ప్రమాదము. నీటిలో తైలము కలియునని, అదే నీరు దిగువన పొలములకు, కుండలకు పోవునని మెచ్చుకొన్నవారు తలంపరైరి.

నీటిమాట వచ్చినది గనుక మరియొకటి. స్పితిలోని ఇండ్లలో తరతరములుగా పొడి మరుగుదొడ్లు వాడుదురు. నీరు అక్కరలేదు, మన్ను, బూడిద చల్లుదురు, సంవత్సరమునకొకసారి అది ఎరువై పొలమునకు పోవును. మంచునీరు తప్ప వేరు ఆధారము లేని ఆ లోయలో ఇంతకన్న వివేకవంతమైన ఏర్పాటు వేరొకటి ఉండదు. మనవారు పోయి, బకెట్లకొలది వేడినీరు, నీటి మరుగుదొడ్డి లేనిదే బసచేయమందురు. బేరము పోవునను భయముతో వసతిగృహములవారు వానిని కట్టింతురు. మంచు తక్కువపడిన సంవత్సరమున కోమిక్‌వంటి ఎత్తైన గ్రామముల పొలములకు కాలువ ఎండును. ఒక వారము దినములు స్నానము తగ్గించుకొనుటకు సిద్ధపడనివాడు ఎడారికి పోనేల? ప్లాస్టిక్ సీసాలు, సేమియా పొట్లముల కాగితములుకూడ అట్టివే. చెత్తను తరలించు మునిసిపాలిటీ బండి ఆ లోయలలోనికి రాదు. మనము తీసికొనిపోయినది మనమే తిరిగి మనాలికో సిమ్లాకో తేవలెను. బండిలో దానికొక సంచి కట్టుకొనుట ఎంతపని?

మన తెలుగువారికి యాత్రలో మర్యాద క్రొత్తగా నేర్వవలసినది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, 1831లో తిరిగివచ్చెను. ఆ ప్రయాణమును ‘కాశీయాత్రచరిత్ర’గా వ్రాసెను. రైలు లేదు, రోడ్లు పేరునకే. ఆయన దుర్గమమార్గములనే పయనించెను. ప్రతి మజిలీలోను నీరెట్లున్నదో, దిగుటకు చోటున్నదో, అంగళ్లలో ఏ వస్తువు దొరకునో, దారి ఇసుకయో రాయో అడవియో, ఆ సీమ ప్రజల స్థితి ఎట్లున్నదో శ్రద్ధగా వ్రాసిపెట్టెను. తన వెనుక వచ్చువానికి ఉపకరించుటయే అందలి ఉద్దేశము. ఆ గ్రంథమున ఆయన తన ధైర్యమును గూర్చి చెప్పుకొనినదానికన్న దారిని గూర్చి చెప్పినదే హెచ్చు. ఈనాటి మన యాత్రిక యువకులయొద్ద ఆయన కలలోనైనను ఎరుగని పరికరములున్నవి. ఆకాశమునుండి దారి చూపు యంత్రములున్నవి. చలనచిత్రము తీయు చిన్ని పెట్టెలున్నవి. వానితో మనము తీయుచున్న చిత్రములలో తొంబదిపాళ్లు మన బండియు మన ముఖమే.

ఈ దూరప్రాంతపు సంగతులు మన ఇంటికి చేరుటకు దారి కలదు. హిమాలయములకు పోలేనివారు, పోయి వచ్చి రుచి మరగినవారు, శీతకాలపు సెలవులలో మన తూర్పుకనుమలకు బండ్లు కట్టుదురు. లంబసింగి మంచునకు, వంజంగి మబ్బులకు, మారేడుమిల్లి అడవిదారులకు శనివారము వచ్చిన బారులు తీరుదురు. ఆ కొండలపైని తండాలకు, గూడెములకు పోవు ఎఱ్ఱమట్టి బాటలు మనకు క్రీడాస్థలములు. ఆ బాటలమీదనే, ఆంబులెన్సు రాలేనిచోట, నిండుచూలాలిని డోలీలో పరుండబెట్టి, నలుగురు భుజముల మోసి, వాగులు దాటించి ఆసుపత్రికి చేర్చవలసివచ్చిన వార్తలు మన పత్రికలలో ఏటేట చదువుచునే యున్నాము. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఈ డోలీమోతలు ఇంకను ముగియలేదు. మనము లో–రేంజి వేసి ఉత్సాహముతో ఎక్కిన ఎత్తును వారు భుజముపై ప్రాణభారముతో దిగుదురు. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రప్రభుత్వము ‘అడవితల్లి బాట’ అను పేర గిరిజనగ్రామములకు రోడ్లు వేయు కార్యక్రమమును ఆరంభించినది. ఇది ఎంతయు హర్షింపదగినది. వేసిన రోడ్డు రెండు వానకాలములు నిలుచునో లేదో, కల్వర్టు వేయవలసినచోట వేసిరో లేదో చూచువారు కావలెను.

చూచువారు ఎవరు? ఆ బాటలమీద స్వంతవ్యయముతో, స్వంతబండ్లతో, ఇష్టపూర్వకముగా తిరుగుచున్న మన యువకులకన్న తగినవారు వేరెవరు? ఏ వాగు ఏ మాసమున ఎంతలోతు పారునో, ఏ మలుపున మట్టి జారునో, ఏ ఎత్తున ఆంబులెన్సు ఎక్కలేదో వారికి తెలిసినంతగా కార్యాలయమున కూర్చున్న ఇంజనీరునకు తెలియదు. అయినను ఆ తెలివి నేటివరకు ప్రజలకు అక్కరకు రాలేదు. ఇది శోచనీయమని నేను స్పష్టముగా చెప్పుచున్నాను.

ప్రభుత్వములను నేను కోరునది కొంచెమే. కొండదారులకు వాహనముల సంఖ్య నిర్ణయింపుడు, రుసుము వసూలుచేయుడు, ఆ రుసుము రాజధాని ఖజానాకు గాక ఆ గ్రామపంచాయతికే చేరునట్లు చూడుడు, బాట విడిచి నడిపినవాని అనుమతిపత్రమును రద్దుచేయుడు. మిత్రులారా, మిమ్ములను కోరునది అంతకన్న కొంచెము హెచ్చు. హిమాలయములకు పొండు, చీకటితో బయలుదేరుడు, ఊరివారి ఇంట దిగి, వారు పెట్టినది తిని, అడిగినంత ఇండు, బాట వదలకుడు. తిరిగివచ్చినపిమ్మట మన ఏజెన్సీకొండలకు పోయినపుడు, మీరు తిరిగిన ప్రతి బాటకు ఒక చిత్తరువు గీయుడు: వంతెన లేని వాగు ఎచ్చట, బండి నిలిచిపోయినది ఎచ్చట, అచ్చటినుండి ఆసుపత్రికి ఎంతదూరము, దారికిరువైపుల గూడెములెన్ని. దానిని చిత్రములతోసహా పాడేరులోని గిరిజనాభివృద్ధి సంస్థకును, జిల్లా కలెక్టరునకును పంపుడు. ప్రత్యుత్తరము రాకున్న మరుసటి సంవత్సరము మరల పంపుడు. ఆ కాగితముమీద జట్టులోని అందరును సంతకము చేయుడు.